పార కింద పెట్టమన్న సారు

మా ఎవుసం సారు పోయారు.

పోయిన బుధవారం పొద్దున కోహీర్ బడిలో ఏడో తరగతికి పాఠం చెప్తున్నాను. జహీరాబాద్ నుంచి వచ్చిన బస్సు బడి ముందర ఆగింది. అక్కడ స్టాపు లేదు. కండక్టరు దిగి తరగతి గుమ్మం దాకా వచ్చాడు. హైస్కూల్లో నాకంటే ఒక ఏడు వెనుక చదివినవాడు.

"అక్కా, ఎవుసం సారును చిరాగ్‌పల్లి కాడ లారీ గుద్దింది. సైకిలు మీద పోతుండెనట. దవాఖానకు తెచ్చిన్రు గని, తొవ్వలనే పానం పోయింది" అన్నాడు.

అదే బస్సు తిరిగి పోయేటప్పుడు ఎక్కి జహీరాబాద్ పోయాను. దవాఖాన వరండాలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. తల కుడి పక్క నలిగిపోయింది. దుప్పటి మీద రక్తం ఎండి నల్లబడింది. ఒక కాలికే చెప్పు ఉంది. పక్కన నేల మీద నాలుగు కంది మొక్కలు వేర్లతో సహా పడి ఉన్నాయి. ఎండు తెగులు పట్టినవి. పిల్లలకు చూపెట్టడానికి ఎవరి పొలంలోనో పీకి, సైకిలుకు కట్టుకొని బడికి పోతున్నారట.

నర్సు కాగితం మీద దెబ్బలు రాసుకుంటోంది. ఎడమ చెవి సగమే ఉండడం చూసి దాన్నీ రాయబోయింది.

"అది రాయకమ్మా. అది లారీ తీసింది కాదు, పాతది" అన్నాను.

"మీరేమైతరు ఈయనకు?"

"ఆయన దగ్గర చదువుకున్న."

ఆ చెవి ఎట్లా పోయిందో మా ఊళ్ళో పాతికేళ్ళు దాటిన అందరికీ తెలుసు. అదే రోజు నా చేతులతో నేనేం చేశానో మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆయన ఉన్నన్నాళ్ళూ రాయాలనిపించలేదు. ఆ రోజు దవాఖాన మెట్లు దిగుతుంటే, ఇక రాయకుండా ఉండలేననిపించింది.

పెద్ద కరువు పోయిన మరుసటి ఏడు ఆయన మా హైస్కూలుకు వచ్చారు. అంతకు ముందు రైతులకు సలహాలు చెప్పే గ్రామసేవక్‌గా పనిచేసి మొగుడంపల్లి చుట్టుపట్ల ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగినవారు. బడి వెనుక రెండెకరాల ఎర్రచెలక ఉండేది. రాళ్ళు, పల్లేరుకాయలు తప్ప అందులో ఏమీ మొలిచేది కాదు. ఎనిమిది నుంచి పది దాకా మగపిల్లలకు వారానికి మూడు పీరియడ్లు వ్యవసాయం, మా మాటలో ఎవుసం; ఆడపిల్లలకు కుట్లు అల్లికలు.

తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు. "మట్టి పిసుకుడు మేము నేర్పలేమా? మట్టి తప్పుతదనే గదా బడికి పంపింది" అని హెడ్మాస్టరును నిలదీశారు. సారు బయటికి వచ్చి ఒకటే అడిగారు. "పోయినేడు నీ జొన్న ఎందుకు ఎండింది? వానలేకనా, పురుగు కొట్టా?" ఎవరూ చెప్పలేకపోయారు. "ఆకు చూసి మాట్లాడకున్రి. వేరు పీకి చూడున్రి. అది మీ పిల్లలు నేర్చుకుంటరు" అన్నారు.

నాకు కుట్లు రాలేదు. సూది పట్టుకుంటే నిద్ర వచ్చేది. తొమ్మిదో తరగతిలో ఒక రోజు కుట్ల గదిలోంచి లేచిపోయి చెలకలో నిలబడ్డాను. మగపిల్లలందరూ నవ్వారు.

సారు నవ్వలేదు. "చేతులు చూపు" అన్నారు. చూపాను. మా నాయిన పటేలు పొలం పాలుకు చేసేవాడు. కలుపు తీసీ తీసీ నా చేతులు కాయలు కాచి ఉన్నాయి. "ఈ చేతులు సూదికి పనికిరావు. పార తెచ్చుకో" అన్నారు.

ఆయన మంచివారని రాస్తున్నాను గానీ, మెత్తనివారని రాయలేను. ఆయన చేతిలో ఎప్పుడూ చింతబరిగె ఉండేది. పిల్లలు ఆలస్యంగా వచ్చినా, పాఠం అప్పజెప్పకపోయినా ఏమీ అనేవారు కాదు. లెక్క అబద్ధం రాస్తే మాత్రం తోలు ఒలిచేవారు. ప్రతివారం మొక్కల ఎత్తు కొలిచి నోటుబుక్కులో రాయాలి. ఒక వారం నాకు జ్వరం వచ్చింది. వచ్చాక పక్క పిల్లవాడి లెక్కకు రెండు అంగుళాలు కలిపి రాసేశాను. ఆయన నన్ను చెలకలోకి తీసుకుపోయి, నా సాలు ముందు నిలబెట్టి స్కేలు పెట్టించారు. ఆ తర్వాత పిక్కల మీద కొట్టారు. ఎన్ని దెబ్బలో గుర్తులేదు. రక్తం వచ్చి పావడా అతుక్కుపోయింది.

"కొలువకుండ రాసేటోడు దొంగకంటె అధ్వానం" అన్నారు, రొప్పుతూ. "దొంగ ఒక్కింట్ల దోస్తడు. నువ్వు రాసిన అబద్ధం చూసి పదిమంది రైతులు విత్తుతరు. పదిండ్లు మునుగుతయి."

ఆ మాట ఇప్పటికీ నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆ దెబ్బలు మాత్రం ఇప్పటికీ తప్పుగానే అనిపిస్తాయి. తర్వాత ఆయనకూ అట్లాగే అనిపించింది. ఎందుకో చెప్తాను.

ఆ వానాకాలం మేము చెలకను నాలుగు ముక్కలు చేశాం. రెండింటిలో మన పచ్చజొన్న, రెండింటిలో సర్కారు ఇచ్చిన సంకర జొన్న. ఒక్కొక్క దాంట్లో సగానికి మేమే గుంత తవ్వి మాగబెట్టిన పెంటఎరువు వేశాం. సగానికి ఏమీ వేయలేదు. ఒక్కొక్కరికి ఒక సాలు. సాలు మొదట్లో రేకు ముక్క మీద మా పేరు. ఏ జొన్న ఎట్లా వస్తుందో మా అంతట మేమే తేల్చాలి. "నేను చెప్ప. చేను చెప్తది" అనేవారు సారు.

ఆ చెలక అంతకు ముందు పటేలు పశులు మేసిన బీడు. కాగితాల్లో బడిదే అయినా పటేలుకు అది తనదే అన్న పట్టింపు. జొన్న మోకాలెత్తు వచ్చేసరికి పశులు రెండుసార్లు పడ్డాయి. సారు మొదటిసారి పోయి మర్యాదగా చెప్పి వచ్చారు. రెండోసారి పన్నెండు పశులను పట్టి బందెలదొడ్డికి తోలించారు. ఊరి పశులను కట్టేసే ఆ దొడ్డిలో పటేలు పశులు నిలబడడం మా ఊరు అంతకు ముందు చూడలేదు. జనం పోయి చూసివచ్చారు. పటేలు తమ్ముడు వచ్చి విడిపించుకుపోతూ, బడి ముందర నిలబడి, "సారూ, జొన్న పాలు పట్టనీ, మల్ల వస్త" అన్నాడు.

బతుకమ్మకు పది రోజుల ముందు వచ్చాడు.

మేము ప్రార్థనలో ఉన్నాం. ముందు వాసన వచ్చింది, పశుల వాసన. తర్వాత కర్రలు విరిగిన చప్పుడు. జొన్న కర్ర తడిగా ఉన్నప్పుడు ఒక రకంగా విరుగుతుంది, ఎముక నమిలినట్టు. "సార్, పశులు!" అని ఎవరో అరిచారు. మేము పరుగెత్తేసరికి యాభై అరవై పశులు చేలో ఉన్నాయి. పాలకంకులు నోట్లో చితికి, మూతుల వెంట తెల్లటి పాలు కారుతున్నాయి. ఒడ్డు మీద పటేలు తమ్ముడు, ఇనుప పొన్ను వేసిన కర్ర పట్టుకొని. వెంట ఆరుగురు మనుషులు.

సారు అందరికంటే ముందు చేలోకి దిగి, ముందున్న ఎద్దు కొమ్ములు పట్టుకొని వెనక్కి తోశారు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు ఆయన వెంట పోయి పశుల కాళ్ళ కింద పడ్డాడు. వాడి పక్కటెముక విరిగిందని తర్వాత తెలిసింది. అప్పుడు వాడి కేక ఒక్కటే వినిపించింది. సారు వాణ్ణి లాగడానికి వంగారు. పటేలు తమ్ముడు వెనుకనుంచి కొట్టాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది తల పక్కన. పొన్ను చెవిని చీల్చింది. సారు మోకాళ్ళ మీద కూలబడ్డారు. తెల్ల అంగీ నడుము దాకా ఎర్రబడింది. ఇద్దరు ఆయనను కాళ్ళతో తన్నుతున్నారు.

"ఇది బడి గాదు, మా బీడు! యాది పెట్టుకో!" అని పటేలు తమ్ముడు అరుస్తున్నాడు.

సామాన్ల గది తలుపు తెరిచే ఉంది. నా పార నా చేతిలోకి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నా ముందర ఒక మనిషి వీపు కనబడింది. చేతిలో పశుల కర్ర ఉంది. అది చాలనుకున్నాను. పార ఎత్తి, బలమంతా పెట్టి కొట్టాను. అతని మోచేయి కింద దిగింది. ఎముక విరిగిన చప్పుడు నా అరచేతుల్లో తగిలింది. అతను తిరిగాడు. పటేలు జీతగాడు. పశులు కాసే మనిషి. మరో చేతిలో ఒక ఎద్దు పగ్గం ఉంది. ఆ ఎద్దును చేలోంచి బయటికి లాగుతున్నాడు. ఆ గుంపులో పశులను బయటికి లాగుతున్నవాడు అతనొక్కడే.

అది నేను చూశాను. చూసి కూడా పార రెండోసారి ఎత్తాను. ఈసారి తల మీదికి. ఇది నేను ఒక్క ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు. మొదటి దెబ్బ తెలియక కొట్టిందే. రెండోది తెలిసే ఎత్తాను. రక్తం చూశాక ఆపడం నాకు చేతకాలేదు.

"పార కింద పెట్టు!"

సారు గొంతు. తిరిగి చూశాను. ఆయన లేచి నిలబడి ఉన్నారు. చేతుల్లో, పిల్లలెవరో సామాన్ల గదిలోంచి తెచ్చిన గడ్డపార. ఆయన కాళ్ళ ముందర పటేలు తమ్ముడు వెల్లకిలా పడి, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకొని ఉన్నాడు. గడ్డపార సరిగ్గా అతని గుండె మీద లేచి ఉంది. సారు చూపు మాత్రం నా మీద ఉంది. చెవి తెగి మెడ మీద వేలాడుతోంది.

నేను పార దించలేదు. ఆయన గడ్డపార వైపు చూశాను. ఆయనా దాని వైపు చూసుకున్నారు, అది తన చేతిలో ఉందని అప్పుడే తెలిసినట్టు. ముందు ఆయన గడ్డపార నేల మీద పడింది. ఆ తర్వాత నా పార.

అప్పటికి ఊరు ఉరికి వచ్చింది. చేను మిగల్లేదు. ఒక్క సాలు కూడా.

ఠాణాలో పటేలు, పోరగాళ్ళను ఉసిగొల్పి కొట్టించాడని సారు మీద రాసిచ్చాడు. బడి తరఫున హెడ్మాస్టరు రాసిచ్చారు. ఎస్సై వచ్చి జీతగాణ్ణి అడిగాడు, "చెయ్యి ఎవరు ఇరగ్గొట్టిన్రు?" నేను పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. జీతగాడు నన్ను చూశాడు. "ఎనుకనుంచి పడ్డది దొరా. నేను సూడలే" అన్నాడు.

పెద్దమనుషులు కూర్చొని రెండు కాగితాలూ చింపించారు. కానీ ఆ సాయంత్రమే పటేలు మా నాయినను పిలిపించి, "నీ బిడ్డ పార మంచిగ తిప్పుతదట. రేపటి సంది నా పొలంల కాలు పెట్టకు" అని పంపేశాడు. పటేలుకు ఎవరు చెప్పారో తెలియదు. మా నాయిన ఇంటికి వచ్చి, దూలానికి వేలాడే పగ్గం తీసి రెండు మడతలు పెట్టాడు. అవ్వ అడ్డం వస్తే ఆమెకూ తగిలాయి. నేను ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆపేవాడేమో.

అప్పుడు వాకిట్లో సైకిలు ఆగింది. సారు తలంతా కట్టుతో లోపలికి వచ్చి పగ్గం రెండో కొస పట్టుకున్నారు. మా నాయిన ఆయన రొమ్ము మీద చెయ్యి వేసి గోడకు నెట్టాడు.

"సదువు జెప్పుమని పంపితే కొట్లాట నేర్పినవు గదా సారూ! ఏం తినాలె మేము?"

"నిజమే" అన్నారు సారు. గోడకు ఆనుకొనే ఉన్నారు. "నేనే నేర్పిన. ఏడాదంత నా చేతిల బరిగె జూసింది. కోపమొస్తే చెయ్యి లేపాలని నన్ను జూసే నేర్చుకున్నది. కొట్టాలంటే నన్ను కొట్టు."

మా నాయిన పగ్గం వదిలేసి వాకిట్లో కూర్చున్నాడు. "దాన్ని బడి మాన్పియ్య, ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ ఏడు ఆయన చెరుకు కొట్టుడుకు పోయాడు.

ఆదివారం సారు నన్ను సైకిలు వెనుక ఎక్కించుకొని జీతగాడి ఇంటికి తీసుకుపోయారు. ఎక్కడికో చెప్పలేదు. ఊరి చివర వాడలో దిగాక చెప్పారు. "పోలీసోళ్ళకు చెప్పకుంటే చెప్పకపోతివి. దెబ్బ తిన్నోనికి మాత్రం నీ నోటితోనే చెప్పాలె."

చిన్న గుడిసె. తలుపు మీద సుద్దతో సిలువ గీసి ఉంది. జీతగాడు గోడకు ఆనుకొని ఉన్నాడు. చేతికి వెదురు బద్దలు పెట్టి కట్టారు. వేళ్ళు ఉబ్బి నల్లగా ఉన్నాయి. అతని భార్య చంకలో పసిపిల్ల. నేను చెప్పాను. "నేనే కొట్టిన. నువ్వు ఎద్దును బయటికి తీస్తున్నవని తెల్వక కొట్టిన. తెల్సినంక గూడ మల్ల ఎత్తిన."

ఆమె పిల్లను కింద కూర్చోబెట్టింది. వచ్చి నా చెంప మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. నా జుట్టు పట్టి గుంజింది. "నీ చేతులిరుగ! చెయ్యి లేనోడు ఎందుకని పటేలు తరిమేసిండు. ఇంగ మేము మన్ను తినాల్నా?" సారు కదల్లేదు. చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఆపలేదని నాకు ఆ రోజు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

"ఇడ్సిపెట్టు" అన్నాడు జీతగాడు చివరికి. "ఆ పోరిని కొడితే నా చెయ్యి అతుకుతదా?"

అతనికి మొగుడంపల్లి తొవ్వలో తాతల నాటి ఎకరం నల్లరేగడి ఉంది. పటేలు పనిలో పడి దాన్ని ఎప్పుడూ సరిగా చేసుకోలేదు. యాసంగికి, అంటే చలికాలపు పంటకు, శనగ వేయాలంటే అదే అదును. సారు అతని ముందర కూర్చొని, "నా బడి చేను పోయింది. నా పిల్లలకు పాఠం చెప్పనీకి భూమి లేదు. నీకు చెయ్యి లేదు. మీ చేను మాకియ్యి. పంట మీది, పాఠం మాది" అన్నారు.

జీతగాడు ఆయన తల కట్టును, నా వాచిన ముఖాన్ని చూశాడు. "పారపోరి గూడ వస్తదా?" అని అడిగాడు.

"అందరికంటె ముందుగాల అదే వస్తది" అన్నారు సారు.

ఆ పేరు నాకు అట్లా పడింది. పారపోరి.

యాసంగంతా మా వ్యవసాయం పీరియడ్లు అక్కడే జరిగాయి. పీరియడ్లు కాకున్నా నేను రోజూ బడి విడిచాక పోయేదాన్ని. జీతగాడు ఒడ్డు మీద కూర్చొని చూసేవాడు. మొదటి రోజు సారు తానే నాగలి పట్టారు. నాలుగు సాళ్ళు తిరిగేసరికి జీతగాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. "సారూ, గిదేం దున్నుడు? పిల్లి గీకినట్టున్నది" అన్నాడు. మేము భయపడ్డాం. సారును అట్లా అన్నవాళ్ళు లేరు. సారు నాగలి ఆపి, "అయితే ఎట్లనో చెప్పు" అన్నారు.

అతను చెప్పాడు. పిడికెడు మట్టి తీసి ముద్ద చేసి, నడుమెత్తునుంచి కింద పడేయించాడు. ముద్ద ముద్దగానే ఉంటే పదును ఎక్కువ, పిండిలాగ రాలితే తక్కువ, మూడు నాలుగు పెళ్ళలుగా విరిగితే విత్తుకోవచ్చు. శనగ చుట్టూ నాలుగు సాళ్ళు కుసుమ వేయమన్నాడు. కుసుమకు ముళ్ళుంటాయి, పశువు మూతి పెట్టదు. సారు జేబులోంచి నోటుబుక్కు తీసి అన్నీ రాసుకున్నారు. "నిజమో కాదో చూద్దాం. మూడు దిక్కులు కుసుమ పెట్టున్రి, ఒక దిక్కు ఇడిచిపెట్టున్రి" అని మాకు చెప్పారు. చివరికి వదిలేసిన ఆ ఒక్క దిక్కునే పశులు ఎనిమిది సాళ్ళ లోపలికి మేశాయి. మేము వంగి లెక్కపెట్టి రాశాం. సారు ఆ బుక్కును జీతగాడికి చూపించి, "నువ్వు చెప్పిందే రైటు" అన్నారు. అతనికి చదువు రాదు. ఆ కాగితం మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు.

సారు చేతిలో మళ్ళీ బరిగె కనబడలేదు. మగపిల్లలు కొన్నాళ్ళు అలుసు తీసుకున్నారు. లెక్కలు అబద్ధం రాశారు. సారు ముఖం ఎర్రబడేది, చేతులు వెనుక కట్టుకొనేవారు. "పో, కొలిచిరా" అనేవారు. మళ్ళీ పంపేవారు. అవసరమైతే ఐదుసార్లు పంపేవారు.

జీతగాడి భార్య ఆ యాసంగంతా నాతో మాట్లాడలేదు. శనగ పీకే రోజున నా అరచేతులు చీలాయి. శనగ ఆకుకు పులుపు ఉంటుంది. చీలిన చోట తగిలితే నిప్పు పెట్టినట్టు మండుతుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా పీకుతూనే ఉన్నాను. ఆమె కొంగు అంచు చింపి నా ముందుకు విసిరింది. "చేతికి కట్టుకో" అంది. ఆ మూడు నెలల్లో ఆమె నాతో అన్నవి ఆ రెండు మాటలే.

చెయ్యి అతికింది గానీ వంకరగా అతికింది. రెండు వేళ్ళు ఎప్పటికీ ముడుచుకోలేదు. మరుసటి ఏడు సారు హెడ్మాస్టరుతో కొట్లాడి అతన్ని బడి చేను చూసే మనిషిగా పెట్టించారు. సర్వేయరు వచ్చి హద్దులు కొలిస్తే రెండెకరాల్లో అరెకరం పటేలు వైపు పోయింది. మిగిలిందానికి ముళ్ళకంప నాటాం. పదో తరగతి పరీక్షలయ్యాక నేను జీతగాడి దగ్గరికి పోయి, నన్ను మాఫ్ చేయమని అడిగాను. అతను తన చేతిని చూసుకున్నాడు. "మాఫ్ జేసుడు నా చేతిల లేదు పోరి. నా చెయ్యే నా చేతిల లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. ఉన్న మాట చెప్పాడు.

నేను టీచరు ట్రైనింగ్ చేసి కోహీర్‌లో చేరిన కొత్తలో, అంటే ఎనభైల మొదట్లో, సారు మొగుడంపల్లి దిక్కు బడికి బదిలీ అయి రోజూ సైకిలు మీద పోయివచ్చేవారు. ఒకసారి చూడడానికి పోయాను. మధ్యాహ్నం బడి అరుగు మీద, నీడ పక్కనే ఉన్నా, ఎండలో కూర్చొని ఉన్నారు.

"ఏమైంది సార్?"

"ఒక పోరన్ని కొట్టిన. పురుగుమందు డబ్బా మూత నోటితోని తీసిండు. చచ్చిపోతుండె. పానం జల్లుమన్నది. చెంప మీద కొట్టిన." తన అరచెయ్యి చూసుకున్నారు. "పదేండ్లయింది, ఇంగ లేదనుకున్న. కోపం గరిక వంటిది బిడ్డా. పైన కోస్తే పోదు. ఏటేటా తవ్వాలె."

ఆ పిల్లవాణ్ణి పిలిచి, నా ముందరే, "కొట్టుడు నా తప్పు. మూత నోటితోని తీసుడు నీ తప్పు. నా తప్పు నేను దిద్దుకుంట, నీది నువ్వు దిద్దుకో" అని చెప్పారు. పిల్లవాడు తల ఊపాడు.

నేను ఇప్పటిదాకా తరగతిలో ఎవరినీ కొట్టలేదని రాయగలిగితే బాగుండేది. రెండుసార్లు కొట్టాను. రెండుసార్లూ ఆ పిల్లల ఇళ్ళకు నడిచిపోయి చెప్పి వచ్చాను. ఒక తల్లి నన్ను కూర్చోబెట్టి చాయ పోసింది. ఇంకొక తండ్రి తలుపు వేసుకున్నాడు.

బుధవారం సాయంత్రమే సారును సాగనంపాం. ఆయన భార్య నా చెయ్యి పట్టుకొని, "తల పగిలి పోవాల్సిన మనిషేనా" అని ఒకటే మాట అంటూ ఉంది. లారీవాడు ఆగకుండా పోయాడట. జనం రాళ్ళు పట్టుకొని ఆ రోడ్డు మీదికి పోయి, వచ్చే లారీలను కొడదామన్నారు. సారు బడి పిల్లలు, మీసాలు రానివాళ్ళు, ముందర నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో ఉన్నదేమిటో నాకు తెలుసు. పోయి ఒక్కొక్కడి చేతిలోంచి రాయి తీసి కింద పెట్టాను. ఒకడు ఇవ్వలేదు. వాడి పిడికిలి నా రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాను, వాడు ఏడ్చేదాకా.

పాడె ఎత్తేటప్పుడు జీతగాడు వచ్చాడు. వంకర చెయ్యి కింద వదిలేసి, మంచి భుజం పాడె కింద పెట్టాడు. నన్ను చూసి తల ఊపాడు.

శ్మశానానికి అవతల ఒక నల్లరేగడి చేను ఉంది. ఎవరిదో తెలియదు. వాళ్ళకు మేమెవరమో తెలియదు. మొగుడు గొర్రు తోలుతున్నాడు, భార్య వెనుక నడుస్తూ విత్తనం వేస్తోంది. మంట లేచింది చూసి అతను ఎడ్లను ఆపాడు. రుమాలు తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఆమె ఒడిలోని విత్తనాల మీద చెయ్యి పెట్టి నిలబడింది. పొగ వాళ్ళ వైపే పోయింది. కాసేపటికి అతను రుమాలు చుట్టుకొని నాలుకతో టక్‌మని చప్పుడు చేశాడు. ఎడ్లు కదిలాయి. పొద్దు గుంకేలోపల ఆ సాలు పూర్తి చేయాలన్నట్టు ఆమె అడుగులో అడుగు వేస్తూ వంగి నడిచింది, పిడికిలిలోంచి గింజలు జారుతుంటే.